దీవిలో కలుపు చెట్లు: పీకాలా, నరికి మందు రాయాలా, తాబేళ్లకి వదిలేయాలా?

మారిషస్‌లో, అక్కడి అడవిని కమ్మేసే పరాయి చెట్లు తీసేసే పనిలో, నేను దగ్గరుండి శుభ్రం చేయించిన మొదటి ముక్క అర ఎకరం ఉంటుందేమో. అంతా చైనా జామ. అక్కడి వాళ్లు గొయావ్ ద షిన్ అంటారు, గోళీకాయంత ఎర్రటి పండు, ఉప్పూ కారం అద్దుకుని తింటే వదలబుద్ధి కాదు, కానీ అడవిలో అది పెరిగే తీరు చూస్తే నారుమడి గుర్తొస్తుంది, బొటనవేలు లావు కాండాలు, మనిషి పక్కకి తిరిగితే తప్ప దూరలేనంత దగ్గరగా. ఆరుగురు రెండు వారాలు కత్తులతో నరికారు. నేను ముందూ తర్వాతా ఫోటోలు తీసి పైకి పంపాను, బాగుందన్నారు. ఏడు నెలలకి మళ్లీ వెళ్తే ఒక్కో మోడు చుట్టూ ఏడెనిమిది పిలకలు, నడుమెత్తున, ముందుకంటే చిక్కగా ఉన్నాయి. చూస్తుంటే మేం కలుపు తీసినట్టు లేదు, జామతోటకి ప్రూనింగ్ చేసి వెళ్లినట్టుంది.

అందుకే ఇప్పుడు ఊరి నుంచి ఎవరైనా కుర్రాడు ఫోన్ చేసి "అన్నా, ఇలాంటి పనికి సూపర్‌వైజర్‌గా తీసుకున్నారు, పీకించడం మంచిదా మందు మంచిదా" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ ముక్కకి వచ్చే మూడేళ్లలో నువ్వు ఎన్నిసార్లు తిరిగి రాగలవు? మనుషులు ఉంటారా, డబ్బులు ఉంటాయా, సముద్రం బాగోలేని నెలల్లో పడవ దొరుకుతుందా? ఈ లెక్క తేలితే పద్ధతి సగం దానంతటదే తేలిపోతుంది. తేలకపోతే ఎంత మంచి మందు కొన్నా దండగే. కింద రాసేదంతా ఆ లెక్క పట్టుకునే రాస్తున్నాను.

మారిషస్ కలుపు గురించి తెలుగులో ఎందుకు అంటే, ఒకటి, కోరంగి రేవు నుంచి ఓడెక్కి వెళ్లిన మనవాళ్లని ఆ దీవిలో చాలాకాలం ఆ రేవు పేరుతోనే పిలిచారు, ఇప్పటికీ ఉగాదికి అక్కడ ప్రభుత్వ సెలవు. రెండోది ఇంకా తమాషా, అక్కడ పీకించే చెట్లలో సగం మనకి తెలిసినవే. మన కవులు పొగిడీ పొగిడీ అలసిపోయిన మాధవీలత ఉంది చూడండి, అది అక్కడ లియాన్ సెర్, చెట్ల మీదకి ఎక్కి పందిరిలా కప్పేసి కింద ఉన్నదాన్ని ఊపిరాడకుండా చంపేస్తుంది, మూడు రెక్కల గింజ గాలికి ఎగిరిపోతుంది. మన అగరుబత్తి వాళ్లు బెరడు కోసం కనపడకుండా చేస్తున్న నరమామిడి అక్కడ తుప్పల్లా మొలుస్తుంది. ప్రకాశం జిల్లా రైతులు పేపర్ మిల్లుల రేటు కోసం రోడ్డెక్కే సుబాబుల్ అక్కడ ఒక శత్రువు. మాధవీలత, సుబాబుల్, చైనా జామ, శ్రీలంక వైపు నుంచి వెళ్లిన ప్రివెట్ అనే పొద, ఈ నాలుగూ ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ వాళ్లు ప్రపంచం మొత్తం మీద ఏరిన వంద చెడ్డ ఆక్రమణ జీవుల, అంటే బయటి నుంచి వచ్చి చోటు కబ్జా చేసేవాటి, జాబితాలో ఉన్నాయి. నాలుగూ ఒకే దీవిలో ఉన్నాయి.

ముందు చోటు, తర్వాత పద్ధతి

రెండు రకాల చోట్లు ఉంటాయి, వాటిని కలిపి మాట్లాడితే తికమక. ఒకటి చిన్న దీవి, అంచు నుంచి అంచుకి నడిచి చూడగలిగినది. మారిషస్ ఆగ్నేయ తీరంలో మహేబూర్ దగ్గర ఈల్ ఓ జెగ్రెట్ అని ఉంది, తెల్లకొంగల దీవి అన్నమాట, 26 హెక్టార్లు, అంటే మన లెక్కలో అరవై నాలుగు ఎకరాలు, మీ ఊళ్లో ఒక మోతుబరి పొలమంత. 1965లో రక్షిత ప్రాంతం చేశారు, 1980ల నుంచి మారిషన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ చూసుకుంటోంది. ఇలాంటి చోట ఒక కలుపు జాతిని పూర్తిగా సున్నాకి తెచ్చే ఆశ పెట్టుకోవచ్చు, ఎందుకంటే చుట్టూ నీళ్లు, పక్క పొలం నుంచి వచ్చేది తక్కువ.

రెండోది పెద్ద దీవి మధ్యలో ఉన్న అడవి. మారిషస్‌లో బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కు, 1994లో ప్రకటించారు, 6,574 హెక్టార్లు. మొత్తం దీవిలో మంచి స్థితిలో మిగిలిన సొంత అడవి, అంటే అనాదిగా అక్కడే పుట్టి పెరిగిన చెట్లున్న అడవి, 2 శాతం కూడా లేదంటారు, అందులో చాలాభాగం ఇక్కడే. ఇక్కడ జామని సున్నా చేస్తాను అని ఎవరైనా ప్లాన్ రాస్తే ఆ కాగితం చదవక్కర్లేదు. కోతులు, అడవి పందులు, పిగిలిపిట్టలు తిని విసర్జిస్తూనే ఉంటాయి. ఇక్కడ చేయగలిగింది కొన్ని ముక్కలు ఎంచుకుని, కంచె వేసి, వాటిని మాత్రం శుభ్రంగా ఉంచుకోవడం. అక్కడ అలాంటి ముక్కల పని 1930ల్లోనే మొదలైంది, వాన్, వియె అనే ఇద్దరు వృక్ష శాస్త్రవేత్తలతో.

మరి ఏ ముక్క? కొత్త సూపర్‌వైజర్ ఎవరైనా అన్నిటికంటే పాడైన ముక్క దగ్గరికే పరిగెడతాడు, నేనూ పరిగెత్తాను, ఎందుకంటే అక్కడ నరికితే ఫోటోలో తేడా కనపడుతుంది. కానీ అన్నిటికంటే బాగున్న ముక్కతో మొదలెట్టాలి. సొంత చెట్లు పైన ఇంకా నిలబడి ఉండి, కింద జామ పల్చగా ఉన్నచోట పది మంది చేసే పనికి ముగ్గురు చాలు, తల్లిచెట్లు పైనే ఉన్నాయి కాబట్టి గింజలు అవే రాలుస్తాయి, నాటే ఖర్చు లేదు. ఆస్ట్రేలియాలో బ్రాడ్లీ అక్కచెల్లెళ్లు సిడ్నీ పొదల్లో ఇదే చేశారు, బాగున్న చోటు నుంచి పాడైన చోటు వైపు నెమ్మదిగా జరుగుతూ, సొంత మొక్క ఎంత వేగంగా అల్లుకుంటే అంత వేగంగానే. ఫోటోలకి ఈ పని పనికిరాదు. పై అధికారికి ముందే చెప్పి పెట్టుకోండి, లేకపోతే ఏడాది చివర మీటింగ్‌లో టెన్షన్ మీకే.

పీకడం, నరకడం, రాయడం

చేత్తో పీకడం మీద నాకు అభిమానం ఉంది, మందు ఖర్చు లేదు, లైసెన్స్ గొడవ లేదు, కుర్రాళ్లకి నేర్పడం తేలిక. మోకాలెత్తు లోపు మొక్కకి, వాన పడ్డ మర్నాడు, మెత్తటి నేలలో, దీన్ని మించింది లేదు. అంతకు మించిన మొక్కకి పలుగు పట్టారంటే మాత్రం ఆగి నేల చూడండి. ఈల్ ఓ జెగ్రెట్ పగడపు రాయి మీద నిలబడిన దీవి, వేళ్లు రాతి పగుళ్లలోకి దిగిపోతాయి, సుబాబుల్‌ని పెళ్లగించడం అంటే రాయి బద్దలు కొట్టడమే, ఎంత బలవంతుడైనా వేరు సగంలో తెగుతుంది. అదే పైన కొండవాలులో, ఎప్పుడూ వాన కురిసే చోట, మట్టి మెత్తగా వస్తుంది కానీ పెళ్లగించిన ప్రతి గుంట నుంచి ఎర్రనీళ్లు కారతాయి, ఆ కదిపిన మట్టిలో మొదట మొలిచేది మళ్లీ కలుపే.

ఉత్తగా నరికి వదిలేయడం సంగతి మొదటి పేరాలోనే చెప్పాను. జామ, సుబాబుల్, ప్రివెట్ మూడూ మోడు నుంచి పిలకలేస్తాయి. మన సర్కారు తుమ్మ కూడా ఇదే బాపతు, దాన్ని నేల మట్టానికి కొడితే మరింత గుబురుగా వస్తుంది, మొగ్గలు ఉండే ఆ మెడ భాగం నేల లోపల జానెడు దాకా ఉంటుంది, అక్కడిదాకా తవ్వి తెంపితేనే చస్తుంది. కట్టెల కోసం తుమ్మ కొట్టే మన కూలీలకి ఇది తెలుసు, మళ్లీ రావాలనే వాళ్లు పైన కొడతారు.

నరికి మందు రాయడం అనేది చాలా చోట్ల చివరికి అందరూ వచ్చి ఆగే పద్ధతి. చెప్పడానికి తేలిక, చేయించడానికి కాదు. మోడు కోసిన వెంటనే, నిమిషాల్లో, మందు తగలాలి, ముఖ్యంగా నీళ్లలో కలిపే గ్లైఫోసేట్ లాంటిదైతే, ఎందుకంటే కోత ఆరిపోతే లోపలికి తీసుకోదు. ఎక్కడ రాయాలి అన్నది ఇంకో సంగతి. కొత్తవాళ్లు మోడు నడిమధ్యలో, చేవ మీద, దీపంలో నూనె పోసినట్టు పోస్తారు. అక్కడ ప్రాణం లేదు. బెరడు కింద పచ్చగా, తడిగా ఒక సన్నటి పొర చుట్టూ ఉంటుంది, దానికే రాయాలి, చిన్న బ్రష్ చాలు, రాయడానికి సీసాలో నీలం రంగు కలిపితే ఏది రాశారో ఏది వదిలేశారో కనపడుతుంది. మా ముఠాలో ఇద్దరిద్దరిని జత కట్టాను, ఒకరు కోస్తారు, రెండోవారు వెనకే రాస్తారు, కోసేవాడు మూడు మోళ్లకంటే ముందుకి పోతే ఆపేయాలి. సాయంత్రం రాసేవాడి గ్లవుజు నీలంగా ఉండి, మోళ్లు నీలంగా ఉంటే ఆ రోజు పని జరిగినట్టు. గ్లవుజు నీలంగా ఉండి మోళ్లు తెల్లగా ఉన్న రోజులు కూడా ఉన్నాయి, ఆ రోజు మందు ఎక్కడికి పోయిందో అడగాలి.

నరక్కుండానే బెరడు మీద రాసే పద్ధతి ఇంకోటి ఉంది, నూనెలో కలిపే ట్రైక్లోపైర్ రకం మందుని కాండం అడుగు భాగంలో చుట్టూ పూస్తారు. జామకి బెరడు పల్చన, పొరలు పొరలుగా ఊడుతుంది, కాబట్టి బాగానే పట్టుకుంటుంది. లాభం ఏమిటంటే చెట్టు నిలబడే ఎండుతుంది, నీడ ఒక్కసారిగా పోదు, నరికిన కొమ్మలు మోసే పని లేదు. నష్టం, తడి బెరడు మీద పనిచేయదు, వానలు ఆగని కొండ మీద పొడి రోజు కోసం కూర్చుంటే నెల గడిచిపోతుంది. పెద్ద చెట్లకైతే బెరడు చుట్టూ పట్టీలా చెక్కేసే పని కూడా ఉంది, కింద సొంత మొక్కలు ఉండి, కూలిస్తే నలిగిపోతాయనుకున్న చోట అదే మంచిది. ఆకుల మీద పిచికారీ గురించి నేను మాట్లాడను, సొంత మొక్కలు కలిసి ఉన్న చోట పంపు భుజానికి వేసుకున్నవాణ్ణి నేను లోపలికి రానివ్వను.

మాధవీలత లాంటి తీగకి ఒక చిన్న సూత్రం. నడుమెత్తున ఒక కోత, నేల దగ్గర ఒక కోత, కింది మోడుకి మందు, పైది ఎక్కడ వేలాడుతోందో అక్కడే వదిలేయడం. లాగకూడదు. మావాడొకడు సరదాకి ఊగి లాగితే తీగతో పాటు వందేళ్ల చెట్టు కొమ్మ ఒకటి దిగింది, వాడి భుజం పక్కన పడింది.

ఇప్పుడు అసలు తేడా, ఇదే ఎవరూ ముందుగా చెప్పరు. గింజ నేలలో ఎంతకాలం బతుకుతుంది? చైనా జామ గింజ నెలల్లోనే మొలవాలి లేదా చావాలి, నేలలో ఏళ్ల తరబడి నిలవ ఉండదు. అంటే పెద్ద చెట్లని నిజంగా చంపి, ఒక్క విడత మొలకల్ని పీకితే, ఆ తర్వాత వచ్చేదంతా బయటి నుంచి పిట్ట తెచ్చిందే. సుబాబుల్ అలా కాదు, గట్టి పెంకు, పదేళ్ల పైన కూడా నేలలో నిద్రపోయి వెలుగు పడగానే లేస్తుంది. అందుకని జామ ముక్కకి మొదటి రెండేళ్లు బాగా తిరిగి, తర్వాత ఏడాదికోసారి చాలు, సుబాబుల్ ముక్కకి మాత్రం పదేళ్లు రాగలను అని నమ్మకం ఉంటేనే కత్తి పట్టండి. పదేళ్ల నమ్మకం లేదా, కొత్తగా గింజ పడకుండా కాయలు కాసే చెట్లనే తీసేసి మిగతాది వదలండి. అది ఓటమిలా అనిపిస్తుంది, కానీ సగం చేసి వదిలేసిన సుబాబుల్ ముక్క చూశాక నాకు అలా అనిపించడం లేదు.

జీవాలకి అప్పజెప్పడం

పురుగుల్ని తెచ్చి వదిలితే ఖర్చు లేకుండా అవే తింటాయి కదా అని ప్రతి మీటింగ్‌లో ఒకరు అంటారు. మారిషస్‌లో అది ఒకసారి బ్రహ్మాండంగా పనిచేసింది. కార్డియా అనే ఒక పొద దీవి అంతా కమ్మేస్తుంటే 1940ల చివర ట్రినిడాడ్ నుంచి ఒక ఆకు తినే పెంకు పురుగునీ, గింజలో గుడ్లు పెట్టే ఒక చిన్న కందిరీగ జాతినీ తెచ్చి వదిలారు, కొన్నేళ్లలో ఆ పొద సంగతి ముగిసింది. కానీ అదే దీవికి 1762లో మిడతల్ని తింటాయని మన దేశం నుంచి గోరింకల్ని తీసుకెళ్లారు, 1900 ప్రాంతంలో ఎలుకల్ని తింటాయని ముంగిసల్ని వదిలారు. ముంగిస సొంత పక్షుల మీద పడింది. రెండు కథల మధ్య తేడా ఏమిటంటే మొదటిది ఒక్క మొక్కనే తినే పురుగు, రెండోది ఏది దొరికితే అది తినేది. పైగా పక్కనే ఉన్న రీయూనియన్ దీవిలో 2008లో ముళ్ల పొద ఒకదానికి సుమత్రా నుంచి ఒక ఈగ లాంటి పురుగుని వదిలితే తేనెటీగల పెంపకందార్లు గొడవ చేశారు. కాబట్టి ఇది ఒక ముక్క చూసే సూపర్‌వైజర్ తీసుకునే నిర్ణయం కాదు, ప్రభుత్వాలు ఏళ్ల తరబడి పరీక్షించి తీసుకునేది. మీ ప్లాన్‌లో రాయకండి. మేకల సంగతి కూడా అంతే. మారిషస్‌కి ఉత్తరాన రౌండ్ ఐలండ్‌లో వదిలిన మేకలూ కుందేళ్లూ నేలని నాకేశాయి, 1979కి మేకల్నీ 1986లో కుందేళ్లనీ తీసేస్తే గానీ అడవి మళ్లీ మొలకెత్తలేదు. కుందేళ్లు పోయాక సొంత మొక్కతో పాటు కలుపూ లేచింది, మేసే నోరు లేదు కదా.

తాబేళ్లు వేరు. మారిషస్‌లో ఒకప్పుడు రాక్షస తాబేళ్లు ఉండేవి, ఓడల వాళ్లు తినేశారు. వాటి బదులు సీషెల్స్‌లోని అల్డాబ్రా తాబేళ్లని 2000లో ఈల్ ఓ జెగ్రెట్‌లో వదిలారు, తర్వాత రౌండ్ ఐలండ్‌లో కూడా. అక్కడ ఎబొనీ చెట్టు ఉంది, మన బీడీ ఆకు తునికికి చుట్టం, దాని నల్ల చేవ కోసం డచ్చివాళ్ల కాలం నుంచి నరికారు. చెట్లు మిగిలాయి గానీ పండు మింగి గింజని దూరంగా మోసే జీవం లేక పిల్లలన్నీ తల్లి కిందే పడి ఉండేవి. తాబేళ్లు వచ్చాక పేడలో పడ్డ గింజలు బాగా మొలిచాయి, తల్లిచెట్టుకి దూరంగా మొలకలు కనపడ్డాయి, దీని మీద 2011లో పరిశోధన పత్రం వచ్చింది. మేత విషయంలో కూడా అవి బయటి నుంచి వచ్చిన మొక్కల్నే ఎక్కువ తిన్నాయి, సొంత మొక్కలు తాబేళ్లతో కలిసి పెరిగినవే కాబట్టి వాటిని తప్పించుకునే ఉపాయాలు ఉన్నాయి.

ఆ ఉపాయం వల్ల మా ముఠాకి ఒకసారి పెద్ద పొరపాటు జరిగింది, ఇది కాస్త వివరంగా చెప్పాలి. బుఆ దోలీవ్ అని ఒక సొంత చెట్టు ఉంది. పెద్దయ్యాక ఆకు వెడల్పుగా మామూలుగా ఉంటుంది, చిన్నప్పుడు మాత్రం గడ్డిపోచంత సన్నగా, పొడవుగా, మధ్యలో ఎర్రటి గీతతో ఉంటుంది, వేరే మొక్క అని ఒట్టేసి చెప్పొచ్చు, తాబేలు నోటి నుంచి తప్పించుకునే ఉపాయం అదే అంటారు. మా కుర్రాళ్లు ఒక పూటంతా వాటిని పీకి గుట్ట పెట్టారు, నేను పక్క ముక్కలో ఉన్నాను. మధ్యాహ్నం అన్నాలప్పుడు మా ముఠాలో పెద్దాయన, ముత్తాతది శ్రీకాకుళం వైపే అట, తెలుగులో నాలుగు మాటలకి మించి రావు, ఆ గుట్టలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టి ఏమీ అనకుండా ఎర్ర గీత మీద గోరు పెట్టి చూపించాడు. దాదాపు రెండు వందలు ఉన్నాయి. కొన్నిటిని మళ్లీ గుచ్చాం, ఒక్కటీ బతకలేదు. అప్పటి నుంచి కొత్త ముఠా వస్తే మొదటి రెండు రోజులు కత్తి ఇవ్వను, ఎర్ర రిబ్బన్ల కట్ట ఇస్తాను. సొంత మొక్క అనుకున్నదానికల్లా రిబ్బన్ కట్టాలి, పెద్దాయన వెనక నడిచి తప్పులు దిద్దుతాడు. మూడో రోజు రిబ్బన్ లేనిదాన్ని ముట్టుకోవచ్చు. రెండు రోజుల కూలి దండగ అని ఆఫీసులో గొణిగారు.

నాటడం, ఊరుకోవడం

శుభ్రం చేశాక నాటాలా, దానంతటదే మొలిచేదాకా ఆగాలా? పైన సొంత చెట్లు ఉంటే ఆగండి. లేకపోతే నాటండి, కానీ తిరిగి వచ్చి కలుపు తీయగలిగినంత మేరకే. నర్సరీలో పది వేల మొక్కలు ఉన్నాయి కదా అని అన్నీ ఒకే వానాకాలంలో గుచ్చితే తర్వాతి ఏడాది వాటి మధ్య కలుపు తీయడం ఖాళీ నేలలో తీయడం కంటే కష్టం, అడుగు తీసి అడుగు వేయడానికి లేదు.

నర్సరీ ఎక్కడ పెట్టాలి అన్నది నాకు చిన్న విషయంలా అనిపించేది. దీవి మీదే పెడితే మొక్కలు అక్కడి ఉప్పుగాలికి అలవాటు పడతాయి, పడవలో మోయక్కర్లేదు, బయటి మట్టితో చీమలూ నత్తలూ రావు. అన్నీ నిజమే. 2020 జూలైలో వకాషియో అనే ఓడ ఆ తీరంలోనే పగడపు దిబ్బ ఎక్కి, ఆగస్టులో దాదాపు వెయ్యి టన్నుల నూనె కార్చింది, నూనె ఈల్ ఓ జెగ్రెట్ చుట్టూ చేరింది, నర్సరీ మొక్కల్నీ కొన్ని బల్లి జాతుల్నీ హడావిడిగా పెద్ద దీవికి తరలించాల్సి వచ్చింది. అది చూశాక నా ఓటు రెండు చోట్లకి. అరుదైన జాతి ఏదైనా సరే, గింజలో సగం వేరే చోట ఉండాలి.

ఇంకో మాట, అన్నీ ఒకేసారి తీసేయకండి. గులాబీ పావురం అని మారిషస్‌కే సొంతమైన పక్షి, 1990 ప్రాంతంలో అడవిలో పదికి పడిపోయింది. ఆ మిగిలినవి గూళ్లు కట్టింది ఎక్కడో తెలుసా, జపాన్ నుంచి తెచ్చి నాటిన క్రిప్టోమేరియా తోపులో. పరాయి చెట్టే, కానీ దాన్ని కూడా కొట్టేసి ఉంటే ఆ పదీ ఉండేవి కావు. సొంత చెట్టు గూడు మోసేంత ఎదిగేదాకా పరాయి చెట్టుకి అద్దె మాఫీ చేయాల్సిందే.

కంచె గురించి తొందరగా చెప్పేస్తాను. చిన్న దీవికి అక్కర్లేదు. పెద్ద అడవిలో జింకలు, పందులు ఉంటే కంచె లేకుండా కలుపు తీయడం మొదలెట్టకండి, 1639లో డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చిన జింకల సంతతి ఇప్పటికీ మొలకలన్నీ కొరికేస్తోంది. కోతులకి కంచె లెక్కలేదు.

ముఠాని ఎలా పెట్టాలి

రోజు కూలికి పెట్టాలా, గుత్తకి ఇవ్వాలా? ఎకరానికింత అని గుత్తకిస్తే బాట పక్కన అద్దంలా ఉంటుంది, లోపలికి ఇరవై అడుగులు వెళ్తే మందు రాయని మోళ్లు ఆకుల కింద దాచి ఉంటాయి, ఇది నేను వాళ్ల తప్పనను, ఎకరానికి డబ్బిస్తామన్నది మనమే. మోడుకింత అని ఇస్తే సన్నవన్నీ పోయి లావువి మిగులుతాయి. రోజు కూలికైతే పని నెమ్మది, కానీ రిబ్బన్ కట్టే ఓపిక రోజు కూలికే వస్తుంది. నేను పని చేసిన ఒక ప్రాజెక్టులో డబ్బంతా "ఈ ఏడాది ఎన్ని హెక్టార్లు శుభ్రం చేశారు" అనే ఒక్క గడి చూసి వచ్చేది, మళ్లీ వెళ్లి పిలకలు తీసిన పనికి గడే లేదు, దాంతో మూడేళ్లలో ముందుకి ముందుకి పోయాం, వెనక మొత్తం మూసుకుపోయింది. గుత్త తప్పదనుకుంటే డబ్బుని మూడు ముక్కలు చేయండి, నరికినప్పుడు కొంత, ఆరు నెలల తర్వాత పిలకలు లెక్కపెట్టి కొంత, ఏడాదిన్నరకి మిగతాది. ఒప్పుకోని కాంట్రాక్టర్ ఉంటాడు, అతను ఎందుకు ఒప్పుకోవడం లేదో అప్పుడే అర్థమవుతుంది.

పడవ ఎక్కే ముందు చూసుకోవాల్సింది ఒకటి ఉంది. బూట్ల అడుగులు, ప్యాంటు మడతలు, బ్యాగు జిప్పులు బ్రష్‌తో దులపాలి. వెల్క్రో పట్టీల బూట్లు నేను నిషేధించాను, గడ్డి గింజలు దానికి పట్టినట్టు దేనికీ పట్టవు. రౌండ్ ఐలండ్‌కి వెళ్లేవాళ్ల సామాను మూతలు బిగించిన బకెట్లలో సర్ది తీసుకెళ్తారు, ఎలుక గానీ గింజ గానీ దొంగతనంగా ఎక్కకుండా. మనవాళ్లు దీన్ని చాదస్తం అంటారు. తీరంలో టీ తాగి, అక్కడ పెరిగిన సుబాబుల్ కింద కూర్చుని, అవే ప్యాంట్లతో పడవెక్కిన ముఠాని నేను ఒకసారి వెనక్కి తిప్పాను, ఆ రోజంతా నాతో ఎవరూ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ మొదటి అర ఎకరం నాకు మళ్లీ ఇస్తే, ముందు దాన్ని వద్దంటాను, పక్కనే పైకి ఇంకాస్త ఎక్కితే సొంత చెట్లు నిలబడి ఉన్న ముక్క ఉంది, అది అడుగుతాను. తప్పదు ఇదే అంటే ఆరుగురికి బదులు నలుగురు, రెండు జతలు. రెండు రోజులు రిబ్బన్లు. మోకాలు లోపువి చేత్తో, మిగతావి కోసి మందు, పెద్దవి రెండు మూడు బెరడు చెక్కి నిలబెట్టడం, నీడ కోసం. అర ఎకరం కాదు, పావు ఎకరం. మిగిలిన కూలి డబ్బులు నాలుగో నెలకి, పదో నెలకి, పద్దెనిమిదో నెలకి పక్కన పెట్టించి, ఆ మూడు తేదీలు నరకడం మొదలెట్టక ముందే పడవ వాడికి, వంటావిడకి, పెద్దాయనకి చెప్పి క్యాలెండర్‌లో రాయించుకుంటాను.